హిమపాదుకలు: మంచునుబట్టి నడక

మన తెనాలి సీమలో మంచుగడ్డ కురియదు. పుష్యమాసపు వేకువజామున పొలముగట్ల గడ్డిమీద నిలుచు బిందువులను మనము మంచు అందుము. కాలువలమీద తెల్లగా కమ్ముకొను పొగను మంచు అందుము. హిమవత్పర్వతముపై పేరుకొను తెల్లని ప్రోవును గూడ మంచే అందుము. ఒక్క మాటతో మూడు వస్తువులను సరిపెట్టుకొంటిమనగా, ఆ మూడవదానితో మనకు పని లేకపోవుటయే కారణము. వరితో పనిగలవారము గనుక వడ్లు, బియ్యము, నూకలు, తవుడు, అటుకులు, పేలాలు, అన్నము అని వేఱువేఱు మాటలు పెట్టుకొంటిమి. పనిగలచోటనే పేరు పుట్టును.

ఇప్పుడా మూడవ మంచుతోను మనకు పని వచ్చినది. తెనాలిలోను, బాపట్ల, రేపల్లె ప్రాంతములలోను అమెరికాలో బిడ్డయో, అల్లుడో, మనుమరాలో ఉన్న యిండ్లు అనేకములు. శీతకాలము వచ్చినతోడనే చేతిలోని ఫోనునకు ఒక చిత్రము వచ్చును. తెల్లని కొండవాలు, తలకు గట్టి హెల్మెట్టు, కన్నులకు పెద్ద అద్దములు, కాళ్లకు నిలువెత్తు పలకలు! చూచిన తల్లి మొదట మురియును. మఱుక్షణమున గుండె గుభేలుమనగా, “ఎందుకు తల్లీ యీ సాహసము? మానుకో” అని జవాబు పెట్టును. కూతురు నవ్వి యూరకుండును. అంతటితో మాట ముగియును.

వలదనుటకంటె అడుగుట మేలు. వలదన్న మాటను దూరముననున్న బిడ్డ వినకపోవచ్చును గాని, తెలిసి యడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకతప్పదు. కావున ఆ పలకలేమి, మంచులో నెన్ని జాతులు గలవు, ఏ మంచుమీద ఏ పలక యెట్లు నడచును, అన్నిటికి నొక్కటే చాలునని దుకాణములవారు చెప్పు ‘ఆల్-మౌంటెన్’ రకము ఎంతవఱకు నమ్మదగినది అను విషయములను తెలిసికొందము.

పలక పుట్టుక

స్కీ యనునది నార్వే దేశపు ప్రాచీనభాషలోని మాట. చీల్చిన కఱ్ఱ యని దాని యర్థము. దానిని మనము హిమపాదుక యనుకొనవచ్చును. ఉత్తరదేశములవారు వేలకొలది యేండ్లుగా వీనిని తొడిగి వేటకును, పొరుగూరికిని పోవుచుండిరి. 2014లో నార్వేలోని డిగెర్వార్డెన్ అను కొండమీద మంచుగడ్డ కరగి, సుమారు 1,300 ఏండ్లనాటి స్కీ యొకటి బయటపడెను. దాని జతపలక 2021లో ఆ చెంతనే దొరకెను. ఆ దేశపు పురాణగాథలలో హిమపాదుకలమీద తిరుగుచు వేటాడునది స్కాడి యను దేవత. ఇది పురుషుల సొత్తని యనుకొనువారికి ఆ దేవతయే సమాధానము.

పంతొమ్మిదవ శతాబ్దమున టెలిమార్క్ సీమకు చెందిన సోండ్రె నార్‌హైమ్ అను పేదరైతు, పలక నడుమును కొంచెము సన్నగించి, మడమచుట్టు లేతకొమ్మల పేనుతో కట్టు కట్టెను. దానితో వాలున దిగుచు మలుపు తిరుగుట సులువయ్యెను. ఇరువదవ శతాబ్దపు మూడవ దశకమున అంచులకు ఉక్కుబద్దలు వచ్చెను. నేటి స్కీలో లోపల కఱ్ఱ, దానిపై గాజునారపొరలు, కొన్నిట లోహపురేకు, అడుగున నున్నని ప్లాస్టిక్ పొర, అంచున ఉక్కు ఉండును.

జాఱుట యేల?

మన పొలములలో దమ్ముచేసిన మడిని చదును చేయునపుడు ఎడ్లకు అడ్డబల్ల కట్టి, దానిపై మనిషి నిలుచుండుట చూచియే యుందురు. కాలు మోపిన మోకాలివఱకు దిగబడు బురదమీద ఆ బల్ల దిగబడదు. అంత బరువును వెడల్పున పరచుకొనుటయే అందులోని రహస్యము. మంచుమీద హిమపాదుక చేయు మొదటి పని యిదియే.

రెండవ పని జాఱుట. పలక మంచును రాచుకొని పోవునపుడు పుట్టు వేడిమిచేత మంచు పైపొర కరగి అతిసన్నని నీటిపొర యగునని, ఆ తడియే జాఱుడునకు మూలమని 1939లో బౌడెన్, హ్యూస్ అను శాస్త్రజ్ఞులు చూపిరి. మంచుగడ్డ యుపరితలమున అణువుల పట్టు సహజముగనే సడలియుండుటయు ఇందులకు తోడ్పడును. కావుననే గొప్ప చలిలో మంచు సరిగా జాఱనీయదు. పలక క్రింద ఇసుకవలె పట్టుకొనును. మిక్కిలి వెచ్చనైననో తడి యెక్కువై, పీటకు తడిపిండి యంటుకొన్నట్లు పలక నంటుకొనును. దీనికి విరుగుడుగా అడుగున మైనము పూయుదురు. చలిమంచునకు గట్టి మైనము, వెచ్చని మంచునకు మెత్తని మైనము. వాడుకలో నున్న పలకకు ఈ పూత అప్పుడప్పుడు వేయింపకున్నచో ఎంత వెలగల పలకయైనను మొరాయించును.

పలక కొలతలు

పలకలకు గల భేదములలో ముఖ్యమైనది నడుము వెడల్పు. పాదము క్రింది భాగమును కొలిచి మిల్లీమీటరులలో చెప్పుదురు. సుమారు 80కి లోబడినవి చదును చేసిన వాలులకు. 80 మొదలు 100 వఱకు గలవి అన్ని మంచులకు పనికివచ్చునను ఆల్-మౌంటెన్ రకము. 105, 110 దాటినవి లోతైన క్రొత్తమంచునకు. ముక్కును తోకయు వెడల్పుగా, నడుము సన్నముగా నుండుటచేత, పలకను ఒక ప్రక్కకు వాల్చినచో అంచు మంచులో వంపుగా దిగి దానంతట నది మలుపు తిరుగును.

రెండవ భేదము పలక వంపు. కొన్ని పలకలు నేలమీద పెట్టినపుడు నడుము పైకి లేచి విల్లువలె నుండును. మనిషి నిలువగా ఆ విల్లు అణగి, అంచు పొడవునను మంచును నొక్కి పట్టుకొనును. ఇది గట్టిమంచునకు మేలు. కొన్నిటికి ముక్కు పడవముక్కువలె ముందుగనే పైకి లేచియుండును. ఇది మెత్తనిమంచులో మునుగక తేలును. ఆల్-మౌంటెన్ పలకలలో పెక్కింట నడుమ విల్లు, ముందు పడవముక్కు రెండును గలిపియుందురు. రెంటి గుణములును కొంత కొంత వచ్చును. ఏదియు పూర్ణముగా రాదు. ఈ మాట గుర్తుంచుకొనవలయును.

మూడవది బిగువు. లోహపురేకు గలది బరువుగా, బిగువుగా నుండి వేగమున అదరదు. కాని దానిని వంచుటకు బలము, నేర్పు కావలయును. రేకు లేనిది తేలికగా వంగి క్రొత్తవారికి లోబడును. గట్టిమంచుమీద మాత్రము వణకును.

మంచు జాతులు, పలక నడక

మొదటిది పొడిమంచు. అప్పుడే కురిసి, గాలికి చెదరక నిలిచినది. జల్లెడపట్టిన వరిపిండివంటిది. ఘనపు మీటరు నీరు 1,000 కిలోగ్రాములు తూగగా, ఈ మంచు 50 మొదలు 100 కిలోగ్రాములలోపుననే తూగును, తక్కినదంతయు గాలియే. దీనిలో సన్ననిపలక మునుగును, తొడలు నొచ్చును. నూఱు మిల్లీమీటరులకు దగ్గఱ నడుము గల ఆల్-మౌంటెన్ పలక మోకాలిలోతునకు మించని పొడిమంచులో చక్కగా తేలును. నడుములోతు మంచున మాత్రము అంతకంటె వెడల్పు పలక గలవారే సుఖపడుదురు.

రెండవది దువ్విన మంచు. రాత్రివేళ యంత్రములు వాలుమీద తిరిగి మంచును అణచి, దువ్వెన గీసినట్లు చాళ్లు తీర్చును. క్రొత్తవారు నేర్చుకొనదగినది ఇదియే. ఇందు సన్ననడుముది రాజు. ఒక అంచునుండి రెండవ అంచునకు త్వరగా మాఱును. ఆల్-మౌంటెన్ పలకయు దీనిమీద సంతోషముగనే నడచును గాని, నడుము 95 దాటినకొలది మలుపున ఒక క్షణము ఆలసించును. మోకాలికి పనియు హెచ్చును.

మూడవది త్రొక్కుడు మంచు. ఉదయము పొడిమంచుగా నున్నది, నూర్ల మంది దిగగా మధ్యాహ్నమునకు గుంటలు, గుట్టలు, ముద్దలుగా నగును. చేతితో కలిపి చెదరవేసిన ఉప్పుడుపిండి వంటిది. ఒక అడుగు మెత్తన, ఒక అడుగు గట్టి. ఆల్-మౌంటెన్ పలక నిజముగా పుట్టినది ఈ మంచుకొఱకే యనవచ్చును. వెడల్పుచేత ముద్దలమీదికి తేలును, బిగువుచేత ముద్దలు త్రోసినను త్రోవ తప్పదు. మిక్కిలి తేలికపలక ఇందు గాలిపటమువలె కొట్టుకొనును.

నాలుగవది గాజుమంచు. కరగి మరల గడ్డకట్టినది, నున్నని గచ్చువలె నుండును. ఇందు తేలుటతో పనిలేదు. అంచు పట్టుటయే ముఖ్యము. సన్ననడుము, లోహపురేకు, పదునైన ఉక్కంచు గల పలక గెలుచును. వెడల్పు పలకలో అంచు పాదమునకు దూరమగుటచేత కాలిబలము దానికి చక్కగా అందదు. కత్తిపీటకు పదునుపెట్టించినట్లు పలక అంచులకును పదునుపెట్టించవలయును. పదును పోయిన అంచుతో గాజుమంచుమీదికి పోవుట మొద్దుకత్తిపీటమీద గుమ్మడికాయ తఱుగుట వంటిది; జాఱినచో గాయము మనకే.

అయిదవది పెచ్చుమంచు. పైన ఎండకో గాలికో పెచ్చు కట్టి, లోపల మెత్తన. అప్పడమువలె నిలిచినట్లే నిలిచి పుటుక్కున విఱుగును. ఏ పలకయు దీనిని సంపూర్ణముగా జయింపలేదు. ముక్కు లేచిన ఆల్-మౌంటెన్ పలక కొంత నయము. నేర్పరులు రెండు పాదములమీద సమముగా బరువుంచి, మలుపులను తొందర లేక తిరుగుదురు. క్రొత్తవారు ఆ వాలును విడుచుటయే వివేకము.

ఆఱవది రవ్వమంచు. వసంతకాలమున రాత్రి గడ్డకట్టి, ఉదయపు టెండకు పైన అంగుళముమేర వదులైన గింజలుగా నగును. ఇడ్లీరవ్వవలె నుండును. ఇది అందఱికి ప్రియమైనది. ఏ పలకయైనను దీనిమీద నవ్వుచు నడచును. కాని దీని ఆయువు ఒకటి రెండు గంటలు మాత్రమే.

ఏడవది జావమంచు. ఆ రవ్వయే అపరాహ్ణమునకు నీరు పట్టి జావ యగును. పలక నొక్కుమ్మడి పట్టుకొనుటచేత మనిషి ముందునకు తూలును, మోకాళ్లకు చేటు. కొంత వెడల్పు, క్రొత్తమైనపు పూత తోడ్పడును. అంతకంటె గొప్ప యుపాయము, ఆ వేళకు పాదుకలు విప్పి కాఫీ త్రాగుటయే.

ఈ యేడును ఒక్కదినమున, ఒక్క కొండమీదనే తటస్థింపవచ్చును. ఉత్తరపు వాలున ఎండ తగలదు గనుక పొడిమంచు నిలిచియుండును. దక్షిణపు వాలున ఉదయము గాజు, పది గంటలకు రవ్వ, రెండు గంటలకు జావ. ఏడు జతల పలకలు మోసికొని కొండ యెక్కువా రెవ్వరును లేరు. ఆల్-మౌంటెన్ పలకకు గల ప్రయోజనమిదియే. దేనియందును ప్రథమురాలు కాదు. దేనియందును పూర్తిగా తప్పదు. ఇంటిలో ఉప్మాకు, కూరకు, వేపుడునకు, పాయసమునకు ఒక్క మూకుడుతోనే నెగ్గుకొనివచ్చు గృహిణికి దీని విలువయు తెలియును, దీని హద్దులును తెలియును.

ఏ సీమవారికి ఏ పలక

ఆల్-మౌంటెన్ అను పేరు ఒక్కటియైనను, 80కిని 100కిని నడుమ భేదము చాల గలదు. బిడ్డ యెక్కడ నివసించుచున్నదో దానినిబట్టి ఎంచుకొనవలయును.

బోస్టనులోగాని, న్యూజెర్సీలోగాని యున్నవారు వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్, పెన్సిల్వేనియా కొండలకు పోవుదురు. అక్కడ కరగుటయు గడ్డకట్టుటయు తఱచు. నీటిని చిమ్మి యంత్రములతో చేయు మంచును గూడ విశేషముగా వాడుదురు. అది చిక్కనై గట్టిగా నుండును. కావున అచటివారికి 75 మొదలు 88 వఱకు నడుము గల పలక మేలు.

సియాటిల్ వైపున నున్నవారు కాస్కేడ్ కొండలకు, కాలిఫోర్నియాలోనివారు టాహో సరస్సు ప్రాంతమునకు పోవుదురు. పసిఫిక్ సముద్రమునుండి వచ్చు తేమగాలివలన అక్కడి మంచు సామాన్యముగా తడిగా, బరువుగా నుండును. స్థానికులు దానిని సిమెంటుతో పోల్చుదురు. 90 మొదలు 100 వఱకు నడుము, కొంత బిగువు గల పలక దానిని త్రోసికొని పోవును.

యూటా, కొలరాడోలకు మేఘములు చేరునప్పటికి వాని తేమ చాలవఱకు త్రోవలోనే తీఱిపోవును. అందుచే అక్కడి మంచు పొడిగా, తేలికగా నుండును. అచటివారు 95 మొదలు 102 వఱకు గల పలకను కోరుట సబబే. అయినను మొదటి సంవత్సరము దువ్వినమంచుమీద నేర్చుకొను మనుమరాలికి అంత వెడల్పు పనిలేదు. క్రొత్తవారు పలకలను కొనక అద్దెకు తెచ్చుకొనుట అన్నివిధముల మేలు. మంచునుబట్టి మార్చుకొనవచ్చును, నేర్పునుబట్టి పెంచుకొనవచ్చును.

స్త్రీలకొఱకని వేఱుగా అమ్ము పలకలు కలవు. సామాన్యముగా అవి తేలికగా, కొంచెము మెత్తగా నుండును. పొట్టి కొలతలలోను దొరకును. తేలికశరీరము గలవారికి అవి లోబడుట నిజము. కాని కొన్నిట రంగులు, పువ్వులు మాత్రమే భేదము. ఎత్తును, బరువును, నేర్పును చూచి కొనవలయునుగాని, గులాబిరంగును చూచి కాదు.

మన దేశమున

మంచుకొఱకు అమెరికాకే పోనక్కరలేదు. కాశ్మీరములోని గుల్మార్గ్‌లో 1927లోనే ఆంగ్లేయాధికారులు స్కీ సంఘమును స్థాపించిరి. గుల్మార్గ్ 2,650 మీటరుల యెత్తున నుండగా, అక్కడి తీగబండి రెండు అంచెలలో అఫర్వాట్ పర్వతపు భుజముమీద సుమారు 3,950 మీటరులవఱకు తీసికొనిపోవును. చదును చేసిన వాలు అచట కొద్ది; పైనున్నదంతయు ప్రకృతి పఱచినది పఱచినట్లే యుండును. కావున క్రింద నేర్చుకొనువారికి సన్ననిది, పైకి పోవు నేర్పరులకు వెడల్పుది కావలయును. ఆ పైభాగము వినోదస్థలము మాత్రమే కాదు. 2010 ఫిబ్రవరిలో ఆ ప్రాంతమునందలి ఖిలన్‌మార్గ్ వద్ద మంచుచరియ విఱిగిపడి, శిక్షణ పొందుచున్న 17 మంది సైనికులు మరణించిరి. శిక్షణ పొందిన సైనికులకే తప్పని యాపద సెలవులకు పోయినవారికి తప్పునని యనుకొనరాదు.

మంచు లేని సీమలో పుట్టినవారికి మంచు లొంగదనుటయు సత్యము కాదు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ వ్యవసాయకూలీల బిడ్డ. భువనగిరి రాతికొండమీద పాఠము మొదలిడి, డార్జిలింగు, లడఖ్ మంచులలో శిక్షణ పొంది, 2014 మే 25న, పదునాలుగవ యేడు నిండకమునుపే, ఎవరెస్టు శిఖరము నెక్కెను. 2022లో అలాస్కాలోని 6,190 మీటరుల డెనాలిని గూడ ఎక్కి, ఏడు ఖండముల యున్నతశిఖరములను ముగించెను. డెనాలికిని తెనాలికిని పేరునందు ఒక్క యక్షరమే భేదము. మన బాలికలకు నడుమనున్న దూరమును అంతకంటె పెద్దది కానక్కరలేదు.

హిమపాదుకల విషయముననే, రీనా కౌశల్ ధర్మశక్తు 2009 డిసెంబరు 29న స్త్రీల బృందముతో స్కీలమీద దక్షిణధ్రువమును చేరెను. ఆ ఘనత సాధించిన మొదటి భారతస్త్రీ యామెయే. సుమారు 900 కిలోమీటరులు సామానుబండిని తానే లాగుకొనుచు నడచెను. అక్కడి మంచు వాలుమీది మంచు కాదు. గాలి చెక్కిన గట్టి మంచుగట్లు దున్నిన చాళ్లవలె అడ్డుపడుచుండును. చలికి పొడిమంచు ఇసుకవలె పలకను పట్టును. 2018లో మనాలి ప్రాంతపు ఆంచల్ ఠాకూర్ టర్కీదేశమున కాంస్యపతకము గెలిచి, అంతర్జాతీయ స్కీపందెమున పతకము తెచ్చిన మొదటి భారతీయురాలయ్యెను. వీరెవ్వరును మంచును ధిక్కరించి గెలిచినవారు కారు. దానిని చదువుకొని గెలిచినవారు.

తల్లి యడుగవలసిన ప్రశ్నలు

మొదటి ప్రశ్న: “నేటి మంచు ఎట్టిది?” స్కీక్షేత్రములవారు ప్రతియుదయము ఆ సమాచారమును ప్రకటింతురు. గాజుమంచు, పెచ్చుమంచు అని చెప్పిన దినమున క్రొత్తవారు పది గంటలవఱకైనను ఆగుట మంచిది.

రెండవది: “పాదపు కట్టును ఎవరు సరిచేసిరి?” పడినపుడు బూటు పలకనుండి విడివడునట్లు కట్టులో ఏర్పాటు గలదు. ఎత్తు, బరువు, వయస్సు, బూటు కొలత, నేర్పు అను వీనినిబట్టి దానిని బిగింతురు. బరువు వయస్సులను కొంచెము తగ్గించి చెప్పుట మనలో ముచ్చటయే గాని, ఇక్కడ అబద్ధము పనికిరాదు. బరువు తక్కువ చెప్పినచో వలసినవేళకు ముందే ఊడును. లేని నేర్పును ఉన్నదన్నచో పడినను ఊడక కాలు మెలిపడును. మోకాటి కీలులోని బంధనము తెగుట పురుషులకంటె స్త్రీలకు ఎక్కువగా సంభవించుచున్నదని వైద్యులు చెప్పుచున్నారు.

మూడవది: “బూటు సరిపోయినదా?” పలకకంటె బూటే ముఖ్యము. మడమ కదలరాదు, వ్రేళ్లు తిమ్మిరెక్కరాదు. లోపల ఒక్కజత ఉన్నిమేజోడులే తొడుగవలయును. నూలుబట్ట చెమటను పీల్చి తడిసి చలిని తెచ్చును. ఉన్ని తడిసినను వెచ్చదనము నిలుపును.

నాలుగవది: “హద్దు దాటి పోవుచున్నావా?” క్షేత్రమువారు త్రాళ్లు కట్టిన మేరలోపల మంచుచరియలను ముందే పరీక్షించి కూల్చివేయుదురు. త్రాటికి ఆవల ఆ కాపలా లేదు. ముప్పది మొదలు నలువదియైదు డిగ్రీల వాలున చరియలు ఎక్కువగా విఱుగును. అచటికి పోవువారికి తోడు, జాడతెలుపు యంత్రము, పొడుగాటి శోధనకఱ్ఱ, పార, వానిని వాడు శిక్షణ, ఈ యన్నియు కావలయును. పూడినవారిని మొదటి పది నిమిషములలో వెలికితీసినచో బ్రతుకుటకు ఆశ మెండు. పిమ్మట ఆ ఆశ వేగముగా సన్నగిల్లును. లోతైన పొడిమంచున దేవదారువంటి చెట్ల మొదళ్లచుట్టు కానరాని గోతులు ఉండును. హద్దు లోపలనైనను ఆ చెట్ల దాపునకు పోరాదు.

అయిదవది: “తల తిరుగుచున్నదా?” కొలరాడోలోని బ్రెకెన్‌రిడ్జ్ అను నూరు 2,900 మీటరులకు పైన నున్నది; ఆంధ్రదేశమున మన కొండ యేదియు 1,700 మీటరులు దాటదు. సముద్రమట్టమున పుట్టి పెరిగినవారు మొదటి దినము మెల్లగా తిరిగి, నీరు విశేషముగా త్రాగవలయును. తలనొప్పియు వాంతియు హెచ్చినచో క్రిందికి దిగుటయే మందు. క్రొత్తమంచు ఎండలోని అతినీలకిరణములను ఎనుబది పాళ్లవఱకు తిప్పికొట్టును గనుక కంటియద్దములు, ముఖమునకు లేపనము వేషముకొఱకు కాదు, రక్షణకొఱకే.

ఈ ప్రశ్నలను ఒక తల్లి యడిగినచో కూతురు మొదట ఆశ్చర్యపడును. పిమ్మట ఓపికగా జవాబు చెప్పును. తెలియనిదానిని తెలిసికొని మరల చెప్పును. ఆ తెలిసికొనుటయందే ఆమెకు క్షేమము గలదు. భయము తల్లికి సహజమే. దానిని నిషేధముగా పంపినచో దారిలోనే పోవును, ప్రశ్నగా పంపినచో బిడ్డను చేరును.

మఱియు, ఆల్-మౌంటెన్ పలక కొనుచున్నానని బిడ్డ చెప్పినపుడు, అది యన్నిటికి పనికివచ్చునని దుకాణదారు చెప్పిన మాట సగమే నిజమని మీరును చెప్పవచ్చును. అన్ని మంచులమీద నడచునది పలక. ఏ మంచుమీద ఆగవలయునో తెలియునది మనస్సు. ఆ రెండవదానిని ఏ దుకాణమును అమ్మదు.